రెండు కర్పూరాలు

ఈసారి నేను రాసే మాట "కర్పూరం".

మా గుడిలో శనివారాలు తీర్థం ఇచ్చే చోట నేను సాయం చేస్తాను. తీర్థంలో వేసేది పచ్చ కర్పూరం. అది కూడా చిటికెడు లోపే. హారతికి వెలిగించేది వేరు, అది తినకూడదు. కానీ చిన్న పిల్లలకు రెండూ పటికబెల్లం లాగే కనిపిస్తాయి.

కర్పూరం మింగితే త్వరగా రక్తంలో కలుస్తుంది, మెదడుకు చేరుతుంది. కొన్ని నిమిషాల్లోనే మూర్ఛ రావచ్చు. అందుకే అమెరికాలో 1983 నుంచి ఒంటికి రాసుకునే మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదు. హారతి బిళ్ళ దాదాపు మొత్తం కర్పూరమే!

మొన్న ఒక అమ్మమ్మగారు అడిగారు: "మనవడికి జలుబండీ. మెడలో కర్పూరం మూట కట్టనా?"

"వద్దండీ, నోట్లో పెట్టుకుంటాడు."

"మా పిల్లలందరికీ కట్టాం. ఏమీ కాలేదు." ఆవిడకు కోపం వచ్చింది.

"మీ ప్రేమ తప్పు కాదండీ. కానీ వాడికి ఏది దొరికినా నోట్లోకే కదా?"

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మూట విప్పి బిళ్ళలు నా పళ్ళెంలో వేశారు. హారతికి పనికొచ్చాయి.

మీ ఇంట్లో కర్పూరం మూత ఉన్న డబ్బాలో, పై అరలో పెట్టండి. పిల్లలు మింగితే వాంతి చేయించకండి. అమెరికాలో ఉంటే వెంటనే 1-800-222-1222 కు ఫోన్ చేయండి. మూర్ఛ వస్తే 911.

కొత్త మాటలు: బిళ్ళ, చిటికెడు, మూర్ఛ. మీ ఇంట్లో బిళ్ళను ఏమంటారు?