పని కాయితం వచ్చిందా?

రేపల్లెలో తెల్లవారుజామున పొయ్యి మీద పాలు పొంగే వేళకు కెనడాలోని బ్రాంప్టన్‌లో ఇంకా నిన్నటి సాయంత్రమే. సరిగ్గా అప్పుడే ఫోను మోగేది. అమ్మ అడిగే మొదటి మాట ఒకటే.

"ఏమ్మా, పని కాయితం వచ్చిందా?"

2023 అక్టోబరు నుంచి 2024 మార్చి దాకా, దాదాపు ఐదు నెలలు, కూతురి జవాబు కూడా ఒకటే. "రాలేదమ్మా."

ఆ అమ్మాయిది రేపల్లె. తెనాలి నుంచి వచ్చే రైలు పట్టాలు ఆగిపోయే ఊరు. అక్కడ తండ్రికి మందుల షాపు. ఆమె బాపట్లలో హాస్టల్లో ఉండి నాలుగేళ్లు ఫార్మసీ చదువుకుంది. శనివారం వస్తే బ్యాగు భుజాన వేసుకుని చెరుకుపల్లి మీదుగా బస్సులో ఇంటికి చేరేది. చదువయ్యాక మూడేళ్లు షాపు ఆమె పేరు మీదే నడిచింది. మందుల దుకాణానికి రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉండాలి కదా, గోడకు వేలాడే సర్టిఫికెట్లో ఫొటో ఆమెదే. మాత్రల షీటును కత్తెరతో కత్తిరించి, చదువురాని వాళ్లకు కవరు మీద పొద్దుటి మాత్రకు సూర్యుణ్ణి, రాత్రి మాత్రకు చంద్రుణ్ణి గీసి ఇచ్చేది. "అమ్మాయి ఉందా?" అని అడిగి, లేదంటే మళ్లీ వస్తామని వెళ్లిపోయే ముసలివాళ్లు ఉండేవాళ్లు.

పెళ్లికొడుకుది తెనాలి. కెనడాలో పర్మనెంట్ రెసిడెంటు, అంటే పీఆర్. పెళ్లిచూపుల నాడు ఇరువైపుల పెద్దలూ అడగాల్సినవన్నీ అడిగారు. జీతమెంత, సొంతిల్లా అద్దిల్లా, ఇంకా ఎవరి బాధ్యతలైనా ఉన్నాయా, పీఆర్ చేతికి వచ్చిందా. అమ్మాయి ఏం చదివిందో కూడా గొప్పగా చెప్పుకున్నారు. ఆ చదువుతో అమ్మాయి అక్కడ ఏ తారీఖు నుంచి పనిచేసుకోవచ్చు అని మాత్రం ఒక్కరూ అడగలేదు. వధువు తండ్రికి తట్టలేదు, వరుడి తండ్రికి అవసరం అనిపించలేదు. గుంటూరు, బాపట్ల జిల్లాల్లో విదేశీ సంబంధాలు కొత్తేమీ కాదు. తరాలుగా పిల్లల్ని పంపిస్తున్న ఊళ్లలో కూడా ఈ ఒక్క ప్రశ్న పెళ్లి మాటల్లోకి రాకపోవడం బాధపెట్టే సంగతి.

2023 మాఘమాసంలో రేపల్లెలో పెళ్లి, తెనాలిలో రిసెప్షన్. పదహారు రోజుల పండుగ కూడా చూడకుండా అబ్బాయి విమానం ఎక్కాడు. అక్కణ్ణుంచి మొదలైంది కాయితాల పని.

భార్యను స్పాన్సర్ చేయడమంటే ఒక సంతకంతో తేలేది కాదు. ఆమెకు పీఆర్ వచ్చిన రోజు నుంచి మూడేళ్లు ఆమె పోషణ బాధ్యత తనదేనని భర్త ప్రభుత్వానికి రాసివ్వాలి. పెళ్లి నిజమైన పెళ్లేనని ఇద్దరూ కలిసి రుజువు చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లి నమోదు తప్పనిసరి అని 2002లోనే చట్టం వచ్చినా, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు గుర్తొచ్చేది చాలా ఇళ్లల్లో వీసా మాట వచ్చినప్పుడే. పోలీసు క్లియరెన్సు కోసం విజయవాడ, వేలిముద్రలకూ వైద్య పరీక్షకూ హైదరాబాదు. తండ్రి షాపు మూసి వెంట వెళ్లాడు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో ఇంటిపేరుకు బదులు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర. మూడూ ఒకే మనిషివని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాల్సి వచ్చింది. మన తెలుగువాళ్లం ఇంటిపేరును ఎంత మురిపెంగా చూసుకుంటామో, అది పరదేశపు గడుల్లో ఇమడక అంతగా ఇబ్బంది పెడుతుంది.

శుభలేఖ సంగతి ఇంకోటి. ఇంగ్లీషులో గానీ ఫ్రెంచిలో గానీ లేని ప్రతి కాయితానికీ అనువాదం జతచేయాలి, అదీ సొంతవాళ్లు చేసింది చెల్లదు. తెనాలిలో అనువాదం చేసిపెట్టే పెద్దాయన 'చి.ల.సౌ.' దగ్గర కాసేపు ఆగాడట. ఆ మూడు పొట్టి ముక్కలకు ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాశాడు. ఆల్బమ్‌లో పెట్టాల్సిన ఫొటోలు ఆమే ఏరింది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు. అప్పగింతల ఫొటోలో నాన్న మొహం కండువాతో కప్పుకుని ఉన్నాడు. దాన్ని తీసి పక్కన పెట్టి, మళ్లీ కట్టలో చేర్చింది. ముక్కూ మొహం తెలియని అధికారి ఒకాయన అది కూడా చూడాలనిపించిందట.

దరఖాస్తు ఏప్రిల్లో వెళ్లింది. అదృష్టం ఏమిటంటే, మే 26న కెనడా వలస మంత్రి షాన్ ఫ్రేజర్ ఒక ప్రకటన చేశారు. స్పాన్సర్‌షిప్ దరఖాస్తు నడుస్తున్న భార్యాభర్తలకు విజిటర్ వీసాలు త్వరగా ఇస్తామని, కెనడాలోకి వచ్చి స్పాన్సరుతో కలిసి ఉంటున్నవాళ్లకు పీఆర్ రాకముందే ఓపెన్ వర్క్ పర్మిట్ ఇస్తామని. ఓపెన్ అంటే ఫలానా యజమాని దగ్గరే అనే షరతు లేని పర్మిట్. అంతకుముందు ఈ సౌకర్యం దేశం లోపలి నుంచి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకే ఉండేది, అదీ 2014 డిసెంబరులో ప్రయోగంగా మొదలైంది. దానికీ ముందైతే దరఖాస్తు తొలి దశ ఆమోదం పొందేదాకా పనిమాట ఎత్తే వీల్లేదు. ఆ రోజుల్లో వచ్చిన ఆడపిల్లలు ఏడాదికి పైగా నాలుగు గోడల మధ్య గడిపిన కథలు కెనడాలో తెలుగువాళ్ల కార్తీక వనభోజనాలకు వెళ్తే ఇప్పటికీ వినిపిస్తాయి.

దరఖాస్తు అందిందన్న ఉత్తరం జూన్ చివర్లో వచ్చింది. ఆ ఉత్తరం ఉంటేనే పర్మిట్ అడగొచ్చు. అక్టోబరులో ఆమె విజిటర్ వీసా మీద టొరంటోలో దిగింది. వారం తిరక్కుండానే 155 డాలర్ల రుసుము, దాని మీద ఓపెన్ పర్మిట్‌కు మరో 100, మొత్తం 255 కట్టి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టారు.

ఆ తర్వాత ఎదురుచూపు.

భర్త మంచివాడు. తన క్రెడిట్ కార్డు మీద ఆమె పేరుతో ఇంకో కార్డు తెప్పించి, "నీకేం కావాలన్నా కొనుక్కో" అని చేతిలో పెట్టాడు. ఆ కార్డే ఆమెకు గొంతులో ముల్లయింది. రేపల్లెలో నెలాఖరున గల్లాపెట్టె లెక్క తేల్చి, తన జీతం తానే తీసుకుని, మిగిలింది నాన్న చేతికిచ్చిన మనిషి. ఇక్కడ కొత్తిమీర కట్ట కొన్నా ఆయన ఫోనుకు మెసేజ్ వెళ్తుంది. ఆయన పట్టించుకోడు, కానీ వెళ్తుంది. ఒకసారి తమ్ముడి పుట్టినరోజుకు రెండు వేలు పంపాలనిపించి, అడగలేక మానుకుంది. సంపాదించిన చెయ్యికి అడగడం నేర్పడం ఎంత కష్టమో ఆ ఐదు నెలల్లో తెలిసింది.

పక్క వీధిలో ఒకావిడ, మన వైపు మనిషే, ఒక హోటల్ వంటగదిలో పని ఉందని, కాయితం అక్కర్లేదని, చేతికి క్యాష్ ఇస్తారని చెప్పింది. ఒక రాత్రంతా ఆలోచించి వద్దంది. అనుమతి లేకుండా పనిచేసినట్టు తేలితే పోయేది ఆ నాలుగు డాలర్లు కాదు, నడుస్తున్న దరఖాస్తుకే ఎసరు రావచ్చు. ఇంకో అపోహ కూడా ఇక్కడ బాగా తిరుగుతుంది. గడువు తీరేలోపు కొత్త దరఖాస్తు పడేస్తే చాలు, పనిచేసుకోవచ్చని. విజిటరుగా ఉన్నవాళ్లు జవాబు వచ్చేదాకా దేశంలో ఉండొచ్చు, అంతే. పర్మిట్ చేతికి రాకుండా పని మొదలుపెట్టకూడదు.

ఈ బాధ కెనడాది మాత్రమే కాదు. ఆమె పెదనాన్న కూతురు న్యూజెర్సీలో హెచ్-4 వీసా మీద ఉంది. హెచ్-1బి ఉద్యోగుల భార్యలకు, భర్తలకు ఏళ్ల తరబడి అమెరికాలో పనిచేసే హక్కే లేదు. 2015 మే 26న అమల్లోకి వచ్చిన నిబంధనతో, గ్రీన్‌కార్డు క్యూలో కొంత దూరం వెళ్లినవాళ్ల జీవిత భాగస్వాములకు పని అనుమతి దొరికింది. 2017 చివరికే 90 వేల మందికి పైగా తీసుకున్నారు, పదిమందిలో తొమ్మిదిమందికి పైగా భారతదేశంలో పుట్టినవాళ్లు, అంతే పాళ్లలో ఆడవాళ్లు. ఆ నిబంధనను రద్దు చేయాలన్న ప్రతిపాదన నాలుగేళ్లు నెత్తిన వేలాడి 2021 జనవరిలో వెనక్కి పోయింది. కోర్టులో ఆ నిబంధననే కొట్టేయాలన్న వ్యాజ్యాన్ని విచారించబోమని 2025 అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మయ్య అనుకునేలోపు అదే నెల 30 నుంచి పర్మిట్ రెన్యువల్‌కు ఆటోమేటిక్ పొడిగింపు ఎత్తేశారు. పాత కార్డు గడువు తీరేనాటికి కొత్తది రాకపోతే ఆ రోజుతో పని ఆపాల్సిందే. పదకొండేళ్ల అనుభవం ఉన్న ఆ అక్క, "చెల్లీ, కార్డు మీద తారీఖును క్యాలెండర్లో ఎర్ర సిరాతో రాసుకున్నా" అంది.

పెద్ద పేరున్నవాళ్లకూ ఇది తప్పలేదు. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల 1992 చివర్లో అనుపమను పెళ్లి చేసుకున్నప్పుడు మైక్రోసాఫ్ట్‌లో కొత్త ఉద్యోగి. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టే చిక్కు వచ్చింది. గ్రీన్‌కార్డుదారుడి భార్య తన వంతు వచ్చేదాకా ఆగాలి, తాత్కాలిక హెచ్-1బి మీద ఉన్నవాడి భార్య మాత్రం వెంట రావచ్చు. 1994 జూన్‌లో ఆయన ఢిల్లీలో అమెరికా రాయబార కార్యాలయానికి వెళ్లి గ్రీన్‌కార్డు తిరిగి ఇచ్చేశారు, హెచ్-1బికి దరఖాస్తు పెట్టుకున్నారు. 2017లో వచ్చిన తన పుస్తకం 'హిట్ రిఫ్రెష్'లో ఆయనే రాసిన సంగతి ఇది. కలిసి బతకడానికి ఒక దారి దొరికింది. కానీ ఆ దారిలో వెళ్లే భార్యలెవరికీ అప్పట్లో పని హక్కు లేదు. కాపురమా, ఉద్యోగమా అని చట్టమే అడిగినట్టు ఉండేది.

అంతకన్నా గుండె పిండేది సునయన దుమాలది. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేథాలో జాతి విద్వేషంతో జరిగిన కాల్పుల్లో ఆమె భర్త శ్రీనివాస్ కూచిభొట్ల ప్రాణాలు కోల్పోయారు. ఆమె వీసా భర్త వీసాకు ముడిపడి ఉంది. భర్తతో పాటే ఆ దేశంలో ఉండే హక్కూ పోయింది. అంత్యక్రియలకు హైదరాబాదు వచ్చిన ఆమెకు తిరిగి తన ఇంటికి, తన ఉద్యోగానికి వెళ్లే వీలుందో లేదో తెలియలేదు. కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకుంటే ఏడాదికి పని అనుమతి వచ్చింది. డిపెండెంట్ అనే మాటకు అసలు అర్థం ఎంత భయంకరంగా ఉండగలదో ఆ రోజుల్లో ప్రతి తెలుగు ఇంటికీ తెలిసొచ్చింది.

బ్రాంప్టన్‌లో పర్మిట్ మార్చి రెండో వారంలో వచ్చింది. పొద్దెక్కాక, మంచు సగం కరిగి సగం గడ్డకట్టి ఉన్న రోజు. ఆమె ముందు చూసింది గడువు తారీఖు కాదు, కింద షరతుల గడి. వైద్య పరీక్ష పూర్తికాని వాళ్లకు పిల్లల సంరక్షణ, బడి, ఆరోగ్య సేవల్లో పనిచేయకూడదని అక్కడ ఒక వాక్యం పడుతుంది. హైదరాబాదులో నాన్న పట్టుబట్టి చేయించిన పరీక్ష అప్పుడు అక్కరకొచ్చింది. ఆ వాక్యం లేదు. ఫోను తీసి రేపల్లెకు కలిపింది. అక్కడ రాత్రి, షాపు షట్టరు దించే వేళ. "నాన్నా, వచ్చింది" అంది. అవతల షట్టరు చప్పుడు సగంలో ఆగింది.

ఆ మర్నాడే, పనిచేయాలంటే తప్పనిసరైన సిన్ (సోషల్ ఇన్సూరెన్స్) నంబరు తీసుకుంది. తాత్కాలికంగా ఉండేవాళ్లకు అది 9తో మొదలవుతుంది, పర్మిట్ గడువుతోనే దాని గడువూ తీరుతుంది. నెల తిరిగేలోపు ఒక చిన్న మందుల షాపులో అసిస్టెంటుగా చేరింది. ఇక్కడ ఫార్మసిస్టు అనిపించుకోవాలంటే పరీక్షలు వేరే రాయాలి, రాస్తోంది కూడా. ఇక్కడ మాత్రలు షీట్లలో కన్నా పెద్ద డబ్బాల్లో విడిగా వచ్చేవే ఎక్కువ. ట్రేలో పోసి చిన్న గరిటెలాంటి పలకతో ఐదేసి చొప్పున పక్కకు జరుపుతూ లెక్కపెట్టి సీసాలో పోయాలి. మొదటి రోజు మూడుసార్లు లెక్క తప్పింది. నాలుగోసారి మనసులో తెలుగులో లెక్కపెట్టుకుంది, తప్పలేదు. మొదటి జీతంలోంచి తమ్ముడికి రెండు వేలు పంపింది.

పీఆర్ అదే ఏడాది ఆగస్టులో వచ్చింది. అందరూ స్వీట్లు పంచుకోమన్నారు గానీ, ఆమెకు మార్చి రోజే పండుగ.

ఇప్పుడు రేపల్లె ఇంట్లో రెండో అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. ఈలోపు నిబంధనలు మళ్లీ మారాయి. 2025 జనవరి 21 నుంచి కెనడాలో చదువుకునే విద్యార్థుల జీవిత భాగస్వాములందరికీ ఓపెన్ పర్మిట్ లేదు. పదహారు నెలలకు తగ్గని మాస్టర్స్, పీహెచ్‌డీ, ఇంకా కొన్ని వృత్తి కోర్సుల వాళ్లకే. తాత్కాలిక ఉద్యోగుల భార్యలకైతే భర్త చేసే పని ఎంచిన రకానిదై ఉండాలి, అతని పర్మిట్‌లో ఇంకా పదహారు నెలలు మిగిలి ఉండాలి. పెద్దమ్మాయి ఇవన్నీ ఫోనులో చెబితే తండ్రి షాపు బిల్లుల పుస్తకం వెనక రాసుకున్నాడు.

మొన్న బాపట్ల నుంచి మధ్యవర్తి ఒకాయన ఫోను చేశాడు. అబ్బాయి కెనడాలో చదువుతున్నాడట, మంచి కుటుంబం, ఊళ్లో పొలం, కట్నం మాట పెద్దగా లేదు.

"అవన్నీ మంచివేనండీ," అన్నాడు తండ్రి. "అబ్బాయి చదివేది మాస్టర్సా, డిప్లొమానా? ఎన్ని నెలల కోర్సు? మా పిల్ల అక్కడికెళ్లాక ఎప్పట్నుంచి పనిచేసుకోవచ్చో కనుక్కుని చెప్పండి. జాతకాలు తర్వాత చూద్దాం."

ఇటువంటి ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదని మధ్యవర్తి కాస్త నొచ్చుకున్నాడు. మూడు రోజులకు కాలేజీ ఇచ్చిన ఉత్తరం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. తండ్రి దాన్ని బ్రాంప్టన్‌కు పంపించాడు. భోజనానికి ఇచ్చిన అరగంటలో, షాపు వెనక గదిలో, ఆమె ఆ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి కోర్సు ఎన్ని నెలలో రాసి ఉన్న వరుస కోసం వెతికింది.