గేటు లోపల పెంచిన భయం

మా చుక్కకి పిరికితనం పుట్టుకతో రాలేదు, నా వల్ల వచ్చింది. కుక్కపిల్లని తెచ్చుకున్న ఇళ్లలో చాలామంది నేను చేసినట్టే చేస్తున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

చుక్క నాగాయలంక దగ్గర మా బావ రొయ్యల చెరువు గట్టున పుట్టిన నాటు పిల్ల. ఏరేటర్ల మోత, మేత బస్తాలు దించే కూలీలు, గట్టు మీద వచ్చిపోయే బళ్లు, అన్నిటి మధ్యా బెరుకు లేకుండా తిరిగేది. రెండు నెలలు నిండగానే బందరు తెచ్చుకున్నాను. అప్పుడే మా వీధిలో ఒక కుక్కపిల్ల పార్వో సోకి, రక్త విరేచనాలతో చనిపోయింది. ఆ భయంతో టీకాలన్నీ అయ్యేదాకా చుక్కని గేటు దాటనివ్వలేదు. ఇంటికొచ్చిన చుట్టాల్ని కూడా ముట్టుకోనివ్వలేదు. పైగా, పదిమందికి మాలిమైతే కాపలాకి పనికిరాదని పెద్దవాళ్లు అంటుంటే నేనూ నమ్మాను.

మొదటిసారి బయటికి తీసుకెళ్లింది జూలై 6న. ఏటా ఆ రోజు జూనోసిస్ దినం పేరుతో కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. టీకాలు వేసే చోటంతా జనం, మోటారు సైకిళ్లు, గొలుసులు లాక్కుంటున్న పెద్ద కుక్కలు. చుక్క తోక కడుపు కిందికి ముడిచేసింది. మాటిమాటికీ ఆవులించింది, మూతి నాక్కుంది. ఎండకి దాహమేసిందనుకున్నాను. భయపడిన కుక్క అలాగే చేస్తుందని నాకప్పుడు తెలియదు. అదే అలవాటవుతుందని బెల్టు బిగించి ముందుకి లాగాను. వెనకనుంచి ఒకాయన ముద్దుగా తల నిమరబోయాడు. చుక్క ఆయన చెయ్యి కరిచింది. పంపు కింద పావుగంట సబ్బుతో కడిగించి, ఆస్పత్రికి తీసుకెళ్లి, చెప్పిన తేదీలకల్లా సూదులన్నీ వేయించాను.

ఆ తర్వాత పాలబ్బాయిని చూసినా, పక్కింటి పాపని చూసినా వెనక్కి వెనక్కి నడుస్తూ మొరిగేది. అది కాపలా కాదు, భయం. ధైర్యమున్న కుక్క ముందు మనిషిని చూస్తుంది, ఆ తర్వాత మొరగాలో వద్దో తేల్చుకుంటుంది. భయపడిన కుక్కకి ఆ తీరిక ఉండదు.

స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలోని బార్ హార్బర్ ప్రయోగశాలలో ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పెంచి పరిశీలించి, 1965లో పుస్తకం వేశారు. కుక్కపిల్ల లోకాన్ని నమ్మడం నేర్చుకునే వయసు దాదాపు 3వ వారం నుంచి 12వ వారం దాకా అని వాళ్లు తేల్చారు. పార్వో టీకాలు పూర్తయ్యేసరికి 16 వారాలు నిండుతాయి. అంటే, నేను గేటు తీసేనాటికే ఆ వయసు దాటిపోయింది. ఈ చిక్కు గురించే 2008లో అమెరికాలో జంతు ప్రవర్తన పశువైద్యుల సంఘం ఒక ప్రకటన చేసింది. మొదటి టీకా వేసిన వారం తర్వాత, జాగ్రత్తలు తీసుకుంటూ పిల్లకి బయటి లోకం చూపించడం మొదలుపెట్టమంది.

చుక్కని మళ్లీ దారికి తేవడానికి తెల్లవారుజామున మంగినపూడి బీచికి తీసుకెళ్లేవాణ్ణి. జనానికి చాలా దూరంగా కూర్చుని, మనిషి కనిపించినప్పుడల్లా ఉప్పు వెయ్యకుండా ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టేవాణ్ణి. ముక్క తినడం మానేస్తే మరీ దగ్గరికొచ్చామని లెక్క, లేచి వెనక్కి జరిగేవాళ్లం. నెలల తరబడి ఇలా చేస్తే కొంత కుదుటపడింది. కానీ కొత్తవాళ్లు చెయ్యి చాపితే ఇప్పటికీ ఒళ్లు బిగుసుకుంటుంది. దీపావళి రాత్రి లోపలి గదిలో నేను పక్కన ఉండాల్సిందే.

ఆ తర్వాత గుడివాడ నుంచి మా చెల్లెలు ఇచ్చిన మల్లి అనే కుక్కపిల్లని వేరే విధంగా పెంచాను. మొదటి టీకా పడిన వారం నుంచే చేతుల్లో ఎత్తుకుని కోనేరు సెంటర్‌లో పళ్ల బండి పక్కన నిలబడేవాణ్ణి. ఊరకుక్కలు తిరిగే నేల మీద దించలేదు. టీకాలు పూర్తిగా పడిన స్నేహితుడి కుక్కతో మాత్రం ఆడుకోనిచ్చాను. హెల్మెట్ పెట్టుకున్నవాళ్లని, గొడుగు పట్టుకున్నవాళ్లని, చేతికర్ర తాతలని, వరికోత మిషన్‌ని, కోసిన చేలల్లో దిగిన బాతుల మందల్ని దూరం నుంచే చూపించాను. తనంతట తాను దగ్గరికెళ్తేనే ఎవరినైనా ముట్టుకోనిచ్చాను. ఇంట్లో రోజూ పాదాలు, చెవులు, నోరు తడిమేవాణ్ణి. అందుకే డాక్టరుగారు పట్టుకున్నా ఇవాళ అది బెదరదు. ఇంత మాలిమైన మల్లి రాత్రి గేటు దగ్గర కొత్త అలికిడి వింటే మొరుగుతుంది, నేను వచ్చి చూసి చాలంటే ఆపేస్తుంది. కాపలా అంటే అదే.

కుక్కపిల్లని తెచ్చుకునేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. డాక్టరుగారిని అడిగి, మొదటి టీకా తర్వాత వారం ఆగి, రోజుకో పావుగంట దాన్ని ఎత్తుకుని వీధి చివరిదాకా వెళ్లండి. చూసినంతసేపు చూడనివ్వండి, మొహం తిప్పుకుంటే ఇంటికి తెచ్చేయండి. జబ్బు రాకుండా కాపాడటం ఎంత ముఖ్యమో, భయం రాకుండా కాపాడటమూ అంతే ముఖ్యం. ఆ మొదటి వారాలు పోతే మళ్లీ రావు.