తలుపు మూసుకున్న బాలింత

వేసవి మధ్యాహ్నం ఉన్నట్టుండి కరెంటు పోయిందనుకోండి. స్టవ్ దగ్గర నిలబడలేక, కొంగుతో ముఖం తుడుచుకుంటూ వీధి గుమ్మంలోకొచ్చి కూర్చుంటాం కదూ! అలా బయటికి రావడానికి కూడా వీల్లేని ఒక ఇల్లాలి సంగతి చెబుతాను, వినండి.

ఆవిడ ఉండేది దక్షిణాఫ్రికాలోని కలహారి ఎడారిలో. పేరు పసుపు ముక్కు హార్న్‌బిల్. మన పిల్లలు చూసే ‘లయన్ కింగ్’ సినిమాలో జాజూ అనే పిట్ట ఉంది చూశారూ, అది వీళ్ల దగ్గరి చుట్టమే.

అక్కడ వేసవిలో వానలు పడితే వీళ్లింట పురుళ్లు మొదలవుతాయి. ఆడపిట్ట చెట్టు తొర్రలో దూరి, గుమ్మాన్ని మట్టితో, రెట్టతో మెత్తి మూసేసుకుంటుంది. పాములూ గీములూ రాకుండా అన్నమాట. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుతుంది. లోపల గుడ్లు పెట్టి, రెక్కల ఈకలన్నీ రాల్చేసుకుంటుంది. ఇక ఎగరలేదు. దాదాపు 50 రోజులు ఆవిడకీ, పిల్లలకీ తిండి తేవలసింది భర్తగారొక్కరే. మిడతలూ పురుగులూ పట్టుకొచ్చి ఆ సందులోంచి అందిస్తాడు. పిల్లలు కాస్త ఎదిగాక ఆవిడ గోడ పగలగొట్టుకుని బయటికొస్తుంది. అప్పుడు లోపలున్న పిల్లలే మళ్లీ గుమ్మం మెత్తుకుంటాయి. ఎవరు నేర్పారో చెప్పండి!

ఇంత నమ్మకమైన సంసారానికి ఇప్పుడు ఎండ అడ్డొచ్చింది. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు కలహారిలోని కురుమాన్ నది రిజర్వ్‌లో చెక్క పెట్టెలు గూళ్లుగా అమర్చి, 2008 నుంచి 2019 దాకా ఈ పిట్టలను గమనించారు. మొదటి మూడేళ్లలో నూటికి 52 పెట్టెల్లో కాపురాలున్నాయి. చివరి మూడేళ్లలో 12 మాత్రమే. గూడు కట్టుకున్న వాటిలో కనీసం ఒక్క పిల్లనైనా పెంచి పంపినవి నూటికి 58 నుంచి 17కి పడిపోయాయి. గూడు కాలంలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 35.7 డిగ్రీలు దాటితే ఒక్క పురుడూ గట్టెక్కలేదు. కరువు లేని ఏళ్లలో కూడా అంతే.

ఎందుకంటారా? ఎండ ముదిరితే మగపిట్ట నోరు తెరుచుకుని రొప్పుతూ ఒళ్లు చల్లబరచుకోవాలి. నోరు తెరిచి ఉంటే పురుగును పట్టేదెట్లా? పాపం, ఆయన మనసు మారలేదు, ఒంట్లో ఓపికే చాలడం లేదు. లోపల ఆకలితో ఉన్న ఆవిడకా రెక్కలు లేవు.

ఈ జాతి మొత్తం అంతరించిపోతోందని కాదు. బోట్స్వానా, నమీబియాల్లోనూ ఈ పిట్టలున్నాయి. అయితే వేడి ఇదే తీరున పెరిగితే 2027 నాటికల్లా ఆ ప్రాంతంలో గూళ్ల కాలమంతా ఆ హద్దు దాటిపోవచ్చని 2022లో ఆ పరిశోధకులు రాశారు. పెట్టెలు అమర్చి ఇల్లు ఇవ్వగలరు గానీ, ఆకాశాన్ని చల్లబరచడం ఏ ఒక్కరి వల్లా అయ్యే పనా?

మనకి మే నెలలో 35 డిగ్రీలంటే, ‘ఇవాళ కాస్త నయం’ అనుకునే రోజు. ఆ బాలింతకి అది పిల్లల ప్రాణం మీదికొచ్చే రోజు. ఈసారి కరెంటు పోయి గుమ్మంలో కూర్చున్నప్పుడు, సందులోంచి ముక్కు చాచి భర్త కోసం ఎదురుచూసే ఆవిడే నాకు గుర్తొస్తుంది. మీకూ గుర్తొస్తుందేమో చూడండి.