సాయానికి వెళ్లే వారికీ రక్షణ కావాలి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా నూజివీడు కుర్రాళ్లు కూడా పులిహోర పొట్లాలు పట్టుకుని వెళ్లారు. తిరిగి వచ్చాక ఒకరిద్దరు కాలికి సీసా పెంకు గీసుకుందని నా దగ్గరకు వచ్చారు. "ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నావు నాయనా?" అంటే తెల్లమొహం వేశారు.

1863లో పుట్టిన రెడ్‌క్రాస్ నేర్పే ప్రథమ చికిత్సలో మొదటి పాఠమే "ముందు నీ క్షేమం చూసుకో" అన్నది. సాయం చేసేవాడే మంచాన పడితే బాధితుల్లో ఇంకొకరు చేరినట్లే కదా! అయితే నియమం కాగితం మీద ఉంటే చాలదు, బూట్లు కాళ్లకు ఉండాలి. అందుకే ఎంత పెద్ద సంస్థ అయినా తన జాగ్రత్తలను ఎప్పటికప్పుడు తిరిగి చూసుకోవాలి.

మీ అబ్బాయి ఏ సంస్థ తరఫున వెళ్తున్నా ఈ ప్రశ్నలు అడగండి: టీకాలు వేయించారా? బూట్లు, చేతి తొడుగులు ఇస్తారా? గాయపడితే చూసే వైద్యుడెవరు? ఎవరికి ఏమైందో రాసి ఉంచే పుస్తకం ఉందా? ఆ పుస్తకం చదివితేనే వచ్చే వరదకు ఏం మార్చుకోవాలో తెలిసేది.

ఎలుకల మూత్రం కలిసిన నీరు కాలి పుండ్లకు తగిలితే ఎలుక జ్వరం రావచ్చు. మామిడి తోటల్లో ముళ్లు గుచ్చుకున్న కాళ్లతో నీటిలో దిగకండి. ముందుగా మాత్రలు అవసరమా అని వైద్యుణ్ణి అడగండి. తిరిగి వచ్చిన నెలలోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్ల ఎరుపు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రండి. వరదనీటిలో నడిచామని చెప్పడం మాత్రం మరచిపోకండి.