సంగటి మర్యాద

కొలువు పనిమీద పరాయియూరు పోవువానికి రెండు విధములైన ఆతిథ్యములు లభించును. మొదటిది కార్యాలయమువారు చేయునది. రెండవది ఆ యూరు చేయునది. మొదటిది ముందే కాగితముపై వ్రాయబడి యుండును: ఇన్ని గంటలకు ఉపన్యాసము, ఇన్ని గంటలకు తేనీరు, ఇన్ని గంటలకు భోజనము. రెండవదానికి పట్టిక లేదు. దొరకిననాడు దొరకును, దొరకనినాడు మనము ఆ యూరికి పోయివచ్చియు పోనివారమే. బడిపంతులమైన మేము ఇరువదియేండ్లలో శిక్షణ తరగతుల పేర తిరిగిన యూళ్లు తక్కువ కావు. వానిలో పెక్కింటి రూపు మా మనస్సున నిలువలేదు. ఎట్లు నిలుచును? శ్రీకాకుళమైనను చిత్తూరైనను, తరగతిగది వెలుపల పొడుగుబల్లపై బారుతీరిన వంటకములు అవియే: ఫ్రైడ్‌రైసు, పనీరు కూర, చల్లారిన సాంబారు, గులాబ్‌జాము. ఆ పళ్లెమును చూపి ఇది ఏ సీమయో చెప్పుడని యడిగినచో ఎంతటి భూగోళపండితుడును చెప్పజాలడు.

గడచిన శీతకాలమున మూడు దినముల శిక్షణకై మేము అనంతపురము పోవలసివచ్చెను. మాది కృష్ణాతీరము. గుంటూరు దాటిన రైలు నల్లమల కొండలగుండ సాగి నంద్యాల చేరెను. ఆపైన కాలువల పచ్చదనము క్రమముగా పలుచబడి, గుత్తి దాటునప్పటికి నేల యెఱ్ఱబడెను. నంద్యాల స్టేషనులో ఆ పేరు చూచినప్పుడు మాకొక చరిత్ర జ్ఞప్తికి వచ్చినది. 1800లో నిజాము ఈ భూభాగమును ఇంగ్లీషువారికి ఇచ్చివేసినందున దీనిని దత్తమండలములని పిలుచుచుండిరి. ఎవరో ఎవరికో ఇచ్చివేసిన నేల యన్న ఆ దీనమైన పేరు పోయి, రాయలసీమ యన్న పేరు 1928లో నంద్యాల సభలో వచ్చినది. దానిని సూచించినవారు చిలుకూరి నారాయణరావుగారు. ఉత్తరాంధ్రమున పుట్టి అనంతపురమున అధ్యాపకులై యుండిన పండితులు. ఒక సీమ గౌరవమును నిలుపు మాట వేఱొక సీమనుండి వచ్చిన చదువు చెప్పువాని నోట వెలువడుట మావంటివారికి ఎంతయు సంతోషము కలిగించు సంగతి.

శిక్షణకు వచ్చినవారి పట్టికలో పాతమిత్రుల పేర్లు మూడు కనబడినవి. ఇరువదియేండ్లకు పూర్వము మేము నలువురము బెజవాడ చేరువనున్న యొక ప్రైవేటు పాఠశాలలో కలిసి పనిచేసితిమి. జీతము స్వల్పము, పని యనల్పము. పిదప ఒక్కొక్కరుగా ప్రభుత్వపు కొలువులు సంపాదించి ఎవరి జిల్లాకు వారు పోయితిమి. బడులలో మనుష్యులను పేర్లతో గాక పాఠములతో పిలుచుట వాడుక గనుక ఇచ్చటను అట్లే పిలుతుము. లెక్కలసారు అనంతపురపు వాస్తవ్యులు. హిందీసారు కడపవారు, ముసల్మానులు. సైన్సు మేడము గుంటూరుసీమ వారు. మేము సంస్కృతము చదివి ఇంగ్లీషు చెప్పుకొని బ్రదుకుచున్నవారము. చిరకాలమునకు కలిసికొన్నవారు మొదట ఒకరి జుట్టు నొకరు చూచుకొందురు. మేమును చూచుకొని నవ్వుకొంటిమి. అంతటితో మాటలాగినవి. తరగతిగదిలో వరుసగా కూర్చున్నవారికి స్నేహము నోట రాదు.

మఱునాటి యుదయమున లెక్కలసారు మమ్ము ఒక చిన్న ఫలహారశాలకు తోడ్కొనిపోయిరి. అచ్చట ఉగ్గాని, మిరపకాయబజ్జీ ప్రసిద్ధము. తెలియని చదువరులకై చెప్పుదుము. బొరుగులను, అనగా మావైపు మరమరాలను, నీట ముంచి వెంటనే పిండి, ఉల్లి, పచ్చిమిరప, కరివేపాకు, పసుపు వేసిన తిరగమోతలో కలిపి, పైన పుట్నాలపొడి చల్లుదురు. నానుట ఎక్కువైనచో ముద్దయగును. తక్కువైనచో గొంతు దిగదు. సైన్సు మేడము మొదటి బజ్జీకి కన్నీరు తుడుచుకొనుచునే రెండవది తీసికొనిరి. బళ్లారివైపున దీనినే ఒగ్గరణె యందురనియు, మా బొబ్బట్లు ఇచ్చట ఓళిగలనియు, మా వేరుసెనగలు చెనిక్కాయలనియు లెక్కలసారు పాఠము చెప్పిరి. నిన్న దినమంతయు పలుకని నోళ్లు ఆ బల్లవద్ద విప్పుకొన్నవి. ఒకరి మోకాళ్ల నొప్పులు, ఒకరి కుమారుని ఉద్యోగము, ఒకరి యింటి అప్పు. హిందీసారి భార్య పోయి మూడేండ్లైనదను సంగతి మాకు అచ్చటనే తెలిసినది. ఏమనవలెనో తోచక మేము మాటలు వెదకుచుండగా ఆయనయే, “బజ్జీ చల్లారుతుంది, తినండి సార్” అనిరి.

ఆ సాయంకాలము లెక్కలసారు మమ్ము ఇంటికి భోజనమునకు పిలిచిరి. పిలుపులో ఏదో సంకోచము కనబడినది. తల్లిగారితో ఫోనులో మాటలాడుచు, “సన్నబియ్యం తెస్తాలేమ్మా” అనుట అందఱమును వింటిమి. సైన్సు మేడము ఊరకుండువారు కారు. “సన్నబియ్యమెందుకు సార్? మీ ఇంట్లో రోజూ రాత్రి ఏం తింటారు?” అని యడిగిరి.

“సంగటే మేడమ్. కానీ మీకు సంగటి పెట్టి పంపితే మా అమ్మ ఊరుకోదు. ఇంటికొచ్చినోళ్లకు బువ్వ పెట్టలేదని నలుగురూ అనుకుంటారంటుంది.”

బువ్వ యనగా ఇచ్చట వరియన్నము. “మా కడపలోనూ అంతే” అని హిందీసారు తలయూపిరి. “అయితే సంగటి పెడితేనే వస్తామని అమ్మగారితో చెప్పండి” అని మేడము తేల్చివేసిరి.

ఈ సంకోచము ఒక తల్లిగారిది మాత్రమే కాదు. దీని మూలము నేలలో కలదు, చరిత్రలో కలదు. అనంతపురమున ఏటికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు; దేశమున మిక్కిలి తక్కువ వానగల తావులలో ఇది యొకటి. వరికి చాలినంత నీరు చెఱువుక్రిందనో బావిక్రిందనో పొలమున్న కొలదిమందికే దక్కెను. తక్కినవారు రాగి, జొన్న, కొఱ్ఱ పండించుకొని తినిరి. కావున వరియన్నము కలిగినయింటి గుర్తైనది. లేనియింట పండుగనాటి వంటకమైనది. కాలువలున్న సీమలవారు దీనిని నేలలోని భేదముగా గాక మనుష్యులలోని భేదముగా ఎంచిరి. శ్రీనాథుని పేర ప్రచారమందున్న చాటువులలో పలనాటి జొన్నకూటిపై చేసిన యెగతాళికి సభలలో నేటికిని నవ్వుదురు. ఆ జొన్నలు పండించి తినినవారి బిడ్డలు ఆ సభలోనే కూర్చున్నారేమో యని నవ్వువారు చూడరు. 1983లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము కిలో 2 రూపాయల బియ్యము నిచ్చుట ఆరంభించినది. ఆకలిగొన్న యిండ్లకు అది గొప్ప మేలు. దానిని తక్కువచేయుట తగదు. కాని కాలక్రమమున మెట్టచేలలో చిఱుధాన్యముల చోట వేరుసెనగయు, పొయ్యిపై సంగటి చోట రేషను బియ్యపుటన్నమును హెచ్చినవి. ఇంకను సంగటి వండు నిల్లు వెనుకబడిన యిల్లన్న భావము మిగిలినది.

మేము పోవునప్పటికి పెద్దమ్మగారు పొయ్యివద్దనే యుండిరి. బియ్యపునూకలు మెత్తగా ఉడికిన పిదప రాగిపిండిని నడుమ కుప్పగా పోసి, కదపక, మూతపెట్టి మగ్గనిచ్చిరి. ఆపైన గిన్నెను దింపి, కదలకుండ పట్టి, కఱ్ఱతో గెలుకనారంభించిరి. ఉండ కట్టకుండ గెలుకుటకు భుజబలము కావలయును; ఆ భుజములకు డెబ్బదియేండ్లు దాటినవి. లెక్కలసారు కఱ్ఱ అందుకొనబోగా, “నీకు లెక్కలొస్తాయి గానీ సంగటి రాదు, పక్కకు పో నాయనా” అనిరి. తడిచేతులతో ముద్దలు చేసి, ఆకుకూర పప్పు, చెనిక్కాయల ఊరుబిండి, నెయ్యి సిద్ధపఱచిరి. హిందీసారి నియమమునకు భంగము రాకుండునట్లు వారి మతస్థుల యంగడినుండి కోడిని తెప్పించి కోడలిచేత పులుసు చేయించిరి. అడుగకయే జరిగిన ఆ యేర్పాటును హిందీసారు గమనించిరి. ఏమియు అనలేదు గాని, పెద్దమ్మగారికి రెండుచేతులు జోడించిరి.

విస్తళ్లు అయిదు వేసిరి. మేడము కూర్చుండక, “అమ్మా, మీరిద్దరూ ఎప్పుడు తింటారు?” అని యడిగిరి.

“మీరు తిన్నాక తింటాం తల్లీ.”

“చల్లారితే సంగటి గట్టిపడుతుందని ఇప్పుడే మీరు చెప్పారు కదా! వండినవాళ్లకు గట్టిదీ, వచ్చినవాళ్లకు మెత్తదీనా?”

పెద్దమ్మగారు కోడలి ముఖము చూచిరి. కోడలుగారు నవ్వి లోపలికిపోయి మఱి మూడు విస్తళ్లు తెచ్చిరి. ఒకటి బెంగుళూరునుండి సెలవులకు వచ్చిన మనుమరాలికి. గిన్నెలు నడుమ పెట్టుకొని అందఱమును చుట్టును కూర్చుంటిమి. సంఘసంస్కారమును గూర్చి మేము ఎన్నో వ్యాసములు చదివితిమి గాని, అది ఇంత తక్కువ మాటలతో జరుగుట చూచి యెఱుగము.

సంగటిని చిన్నముద్దగా త్రుంచి, నడుమ బొటనవ్రేల గుంటచేసి, పప్పులో ముంచి, నమలక మ్రింగవలెను. మాకు మనుమరాలు నేర్పినది. నేర్పుచునే, “మా కాలేజీ దగ్గర హోటల్లో ఈ ముద్దకూ పులుసుకూ కలిపి నూటయాభై అవ్వా” అనెను. పెద్దమ్మగారు చేయి ఆపి, “దుడ్డిచ్చి తింటారా సంగటిని?” అనిరి. అందఱము నవ్వితిమి. ఆమె నవ్వలేదు. తన జీవితమంతయు అతిథుల కంటబడకుండ దాచిన వంటకమును పట్టణములో దీపములు పెట్టి అమ్ముచున్నారను మాటను ఆమె నెమ్మదిగా మ్రింగుచున్నట్లు తోచినది.

అప్పుడు హిందీసారు మా పాతబడి సంగతి యొకటి యెత్తిరి. అనంతపురమునుండి తాపీపనికి వలసవచ్చిన యొకని కుమారుడు అచ్చట ఆఱవ తరగతి చదువుచుండెను. మధ్యాహ్నము వాని డబ్బాలో సంగటి ముద్ద. తోడి పిల్లలు దాని రంగును చూచి పెట్టిన పేరు ఇచ్చట వ్రాయదగినది కాదు. వాడు నీళ్లతొట్టి వెనుకకు పోయి తినుచుండెను. హిందీసారు దినమును తన రొట్టెలు తీసికొని ఆ తొట్టి వెనుకకే పోయి, సగము ముద్ద అడిగి తినుచుండిరి. మూడునెలలకు పని ముగిసి తండ్రి వేఱొకయూరికి పోవుటచే బాలుడు బడి మానెను. “వాడికి ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి. ఆ హోటల్లో కూర్చుని తింటున్నాడో, ఇంకా తొట్టి వెనకే తింటున్నాడో” అని హిందీసారు మాట ముగించిరి.

ఆ మాట మమ్ము విడువలేదు. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిఱుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఆ మార్చినెలలోనే ఆంధ్రప్రదేశమున ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు రాగిజావ ఇయ్యనారంభించిరి. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదనియు, తెల్లబియ్యమున దానిలో స్వల్పభాగమైనను లేదనియు మేము తరగతులలో చెప్పుచున్నాము. ఇవి మంచి పనులే. కాని పోషకముల పట్టిక సిగ్గును పోగొట్టదు. హోటలువాని ధరయు పోగొట్టదు. సంగటి రుచి నాడును నేడును ఒక్కటియే. మాఱినది తినువాని హోదా మాత్రమే. కలవాడు తినినప్పుడు ఆరోగ్యమును, లేనివాడు తినినప్పుడు దారిద్ర్యమును అయిన వంటకమునకు ఇంకను గౌరవము దక్కలేదనియే చెప్పవలెను. తైత్తిరీయోపనిషత్తునందలి భృగువల్లిలో అన్నమును చులకనచేయుటకు నిషేధము కలదు; అది యే ధాన్యపుటన్నమో అచ్చట చెప్పలేదు. ఆ భాగమును వల్లించిన మనము దానిని వరికే చెల్లునట్లు చదివికొంటిమి.

గౌరవము రావలసిన దారి వేఱు. వండినవారి ప్రక్కన కూర్చుండి, వారు తినునదియే, వారు తినువేళకే తినుట ఆ దారి. నీళ్లతొట్టి వెనుక హిందీసారు చేసినది ఇదియే. విస్తరిముందు నిలిచి సైన్సు మేడము చేసినదియు ఇదియే. ఇందులకు చట్టము అక్కఱలేదు, సభ అక్కఱలేదు. బడిలో డబ్బాలు తెఱచువేళ ఉపాధ్యాయుడు ఎక్కడ కూర్చుండునో పిల్లలు గమనింతురు.

మూడవనాడు శిక్షణ ముగియగా అభిప్రాయపత్రములు పంచిరి. భోజనవసతి యన్న గడిలో మేము నలువురమును ఒక్కమాటయే వ్రాసితిమి: ఏ జిల్లాలో శిక్షణ జరిగినను ఒకపూటయైనను ఆ జిల్లా వంటకము పెట్టవలెననియు, వండినవారిని పిలిచి అందఱితోబాటు కూర్చుండబెట్టవలెననియు. దానికి ఇంతవరకు బదులు రాలేదు. కాని మొన్న లెక్కలసారు ఫోనులో ఒక వార్త చెప్పిరి. ఇంటికి చుట్టములు వచ్చినప్పుడు పెద్దమ్మగారు ఇప్పుడు వాకిటిలోనే అడుగుచున్నారట: “బువ్వ వండేదా, సంగటి గెలికేదా?”