తుర్కపల్లిలో గుంపుమేస్త్రీ

సీసా చూస్తే ఖాళీగానే ఉంది. కిటికీ వెలుతురుకెత్తి తిప్పి చూస్తే అడుగున కనీకనిపించని తెల్లటి పొర ఒకటి తేలింది. అందులో సరుకు 50 మైక్రోగ్రాములట. గ్రామును ఇరవై వేల పాళ్లు చేస్తే అందులో ఒక పాలు. చుట్టూ అంటించిన కాయితం మీద ఇంగ్లీషులో ‘రీకాంబినెంట్ హ్యూమన్ న్యూరోపిలిన్-1’ అని పేరు, దాని కింద ‘పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు’ అని హెచ్చరిక. ఇంత చిన్న సీసాకు విదేశీ కంపెనీలు వేలల్లో ధర కడతాయి. పొడి మంచులో పెట్టి పంపితే, దారిలో ఆలస్యమైతే, మంచు ఆవిరైపోతే డబ్బు పోయినట్టే. అందుకే ఇక్కడే చేసుకుందామని మొదలుపెట్టారు.

ఇక్కడ అంటే శామీర్‌పేట దాటాక తుర్కపల్లి. 1999లో జీనోమ్ వ్యాలీ అని పేరు పెట్టిన ప్రాంతం. కోవాగ్జిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ ఈ ఊళ్లోనే ఉంది కాబట్టి కరోనా కాలంలో తుర్కపల్లి పేరు టీవీల్లో మోగిపోయింది. నేను వెళ్లింది అంత పెద్ద చోటుకు కాదు. ఒక భవనంలో అద్దెకు తీసుకున్న నాలుగు గదుల ల్యాబు. పేరు రాయొద్దన్నారు, రాయను. అక్కడ పనిచేసే పరిశోధకురాలు మా పాలమూరులోని కోస్గి దిక్కు పిల్ల. నేను పరిగి, చేవెళ్ల మీదుగా బస్సులో వచ్చి, మర్రిచెట్ల రోడ్డు దాటి, నగరం మొత్తం అడ్డంగా కోసుకుని అక్కడికి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. “అన్నా, కోస్గి నుంచి ముంబైకి పోవుడే సులువు, తుర్కపల్లికి వచ్చుడు కష్టం” అని నవ్వింది.

న్యూరోపిలిన్ అంటే ఏమిటని అడిగాను. ఆమె బోర్డు మీద బొమ్మ గీయబోయి ఆగి, “మన దిక్కు గుంపుమేస్త్రీ ఉంటడు గదన్నా, అట్లాంటిదనుకోండ్రి” అంది.

పాలమూరు వాళ్లకు గుంపుమేస్త్రీ గురించి చెప్పనక్కర్లేదు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా మా జట్లు పోయేవి. జట్టును కూడగట్టి, అడ్వాన్సు ఇచ్చి, తీసుకుపోయి కాంట్రాక్టరుకు అప్పజెప్పేవాడు గుంపుమేస్త్రీ. మట్టి వాడు తవ్వడు. కానీ వాడు లేకపోతే జట్టు పనిలోకి చేరదు. న్యూరోపిలిన్ పని ఇదే. కణం పైపొరలో గుచ్చుకుని నిలబడే గ్రాహక ప్రోటీన్ అది. మొత్తం 923 అమైనో ఆమ్లాల గొలుసులో అత్యధిక భాగం కణం బయటే ఉంటుంది. లోపలికి దిగే తోక నలభై చిల్లర మాత్రమే. అంత పొట్టి తోకతో కణానికి ఆజ్ఞ ఇవ్వడం దానివల్ల కాదు. బయట తిరిగే సంకేతాన్ని పట్టుకుని, పక్కనున్న అసలు గ్రాహకానికి అందిస్తుంది. రక్తనాళాల పెరుగుదలకు పిలుపునిచ్చే వీఈజీఎఫ్ వస్తే వీఈజీఎఫ్ఆర్-2కు చేరుస్తుంది. నరాల కొసలను ‘ఇటు రావద్దు’ అని తరిమే సెమాఫోరిన్-3ఏ వస్తే ప్లెక్సిన్ అనే ఇంకో గ్రాహకంతో జత కలుస్తుంది. మేస్త్రీ ఒక్కడే, కాంట్రాక్టర్లు ఇద్దరు.

ఈ రెండు కొలువుల సంగతి ఒక్కసారిగా తేలలేదు. జపాన్‌లో హజిమె ఫుజిసావా బృందం కప్ప పిల్లల మెదడులో, కంటి నరం వచ్చి చేరే చోట దీన్ని 1987లో గుర్తించింది. 1991లో దాని జన్యువును పట్టుకుంది. అది చేసే పనేమిటో మాత్రం తెలియలేదు. 1997లో బాల్టిమోర్‌లో ఒక బృందం, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంకో బృందం ఇది సెమాఫోరిన్‌కు గ్రాహకమని చెప్పాయి. సరే, నరాల ప్రోటీన్ అనుకున్నారు. మరుసటేడే బోస్టన్‌లో మైకేల్ క్లాగ్స్‌బ్రన్ ప్రయోగశాలలో షాయ్ సోకర్ తదితరులు రక్తనాళాల కణాల మీద వీఈజీఎఫ్ పట్టుకునే అపరిచిత ప్రోటీన్ కోసం వెతికారు, తీరా దొరికాక చూస్తే అదీ ఇదే. నరాల వాళ్లు ఒక వైపు నుంచి, నాళాల వాళ్లు ఇంకో వైపు నుంచి వచ్చి ఒకే మనిషి ఇంటి ముందు కలిశారు. సైన్సు చరిత్రలో నాకు బాగా నచ్చే ఘట్టాలు ఇలాంటివే. ఎవరి సిద్ధాంతమూ ఓడిపోదు, ఇద్దరి బొమ్మా పెద్దదవుతుంది. 2003లో ఎలుకల్లో దీని జన్యువును కొద్దిగా మార్చి, సెమాఫోరిన్‌ను పట్టలేకుండా, వీఈజీఎఫ్‌ను మాత్రం పట్టేలా చేశారు. నరాలు దారి తప్పాయి, నాళాలు సరిగ్గానే అల్లుకున్నాయి. రెండు పనులకూ ఒంటి మీద వేర్వేరు చోట్లున్నాయని అలా రుజువైంది.

ఇక తయారీ. దీన్ని బ్యాక్టీరియాలో చేస్తే చవక కదా అని అడిగాను. కుదరదంది. ఈ ప్రోటీన్ మీద చక్కెర గొలుసులు పొదిగి ఉంటాయి, లోపల గంధకపు ముడులు సరిగ్గా పడాలి. ఆ పని బ్యాక్టీరియాకు రాదు. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను ఈస్టులో చేసి ధర కిందికి దించింది. ఆ ప్రోటీన్‌కు ఈస్టు సరిపోయింది. దీనికి క్షీరదాల కణం కావాలి. ఇక్కడ వాడేది మనిషివి, హెచ్ఈకే-293 కణాలు. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పిండం మూత్రపిండ కణాల నుంచి తయారైన వంశం అది. 293 అన్నది ఆ ప్రయోగం చేసిన ఫ్రాంక్ గ్రాహం నోటుబుక్కులో ప్రయోగం నంబరు. యాభై ఏళ్లు దాటినా ఆ నంబరే ప్రపంచమంతా చలామణీలో ఉంది.

ఆ కణాలను పెంచే ఇంక్యుబేటర్ తలుపు తీయగానే వెచ్చటి గాలి మొహానికి తగిలింది. 37 డిగ్రీలు, మన ఒంటి వేడి. లోపల పళ్లెం గుండ్రంగా తిరుగుతుంటే దాని మీద బిగించిన గాజు కూజాల్లో మసక ద్రవం ఆగకుండా ఊగుతోంది. ఆ మసకంతా కణాలే. న్యూరోపిలిన్ జన్యువులో కణం బయట ఉండే భాగాన్ని మాత్రమే కత్తిరించి, చివర ఆరు హిస్టిడిన్ల చిన్న తోక కలిపి, ప్లాస్మిడ్‌లో పెట్టి వీటిలోకి ఎక్కించారు. పొరలో గుచ్చుకునే ముక్క లేదు కాబట్టి తయారైన ప్రోటీన్ కణానికి అతుక్కోకుండా బయటి ద్రవంలోకి వచ్చేస్తుంది. అయిదారు రోజులయ్యాక కణాలను సెంట్రిఫ్యూజ్‌లో కిందికి దించేసి, పైనున్న తేటను వడగట్టి, నికెల్ పూసిన గుళికలున్న గొట్టంలోంచి పంపుతారు. హిస్టిడిన్ తోక నికెల్‌ను పట్టుకుంటుంది, మిగతా చెత్త జారిపోతుంది. తర్వాత ఇమిడజోల్ కలిపిన ద్రవం పోస్తే పట్టు వదిలి ప్రోటీన్ కిందికి దిగుతుంది.

నేను వెళ్లినప్పుడు ఆ దిగేదే సాగుతోంది. చుక్క చుక్కగా చిన్న గొట్టాల్లోకి పడుతోంది. కంప్యూటరు తెర మీద గీత నేలబారుగా పోయి పోయి ఒక్కసారి లేచింది. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. ఏడో గొట్టం, ఎనిమిదో గొట్టం, అంతే, గీత మళ్లీ దిగిపోయింది. నీళ్లలాగే ఉన్న ఆ రెండు గొట్టాలే వారం పని.

అసలు పరీక్ష ఆ తర్వాత మొదలవుతుంది. జెల్ మీద నడిపితే నీలం పట్టీ ఒక్కటే రావాలి. వచ్చింది, కానీ లెక్క ప్రకారం రావలసిన చోటుకన్నా పైన, అంచులు చెదిరినట్టు ఉంది. తేడా కొట్టిందేమో అనుకున్నాను. “చక్కెరలు ఎక్కినయన్నా, గట్లనే రావాలె. సన్నగ, నీట్‌గ వస్తేనే నాకు అనుమానం” అంది. తర్వాత బ్యాక్టీరియా విషం జాడ ఉందా అని చూస్తారు. అది రవ్వంత ఉన్నా రక్తనాళాల కణాలు దానికే రెచ్చిపోతాయి, అప్పుడు ప్రయోగంలో ఏది ఎవరి పనో తెలియదు. ఆఖరుకు పని పరీక్ష. ప్లేటు గుంటల్లో వీఈజీఎఫ్ పూసి, దాని మీద ఈ ప్రోటీన్ పోస్తే పట్టుకోవాలి, రంగు రావాలి. వీఈజీఎఫ్‌లో 165 అమైనో ఆమ్లాల రకం వేసిన వరసలో గుంటలన్నీ పసుపెక్కాయి. 121 రకం వేసిన వరసలో రంగు వెలవెలబోయింది. పెద్ద రకానికున్న ఒక ముక్క చిన్న రకానికి లేదు, పట్టు చిక్కడానికి అది ముఖ్యం. ముందే మరగబెట్టిన ప్రోటీన్ పోసిన వరస తెల్లగానే ఉండిపోయింది. ఆకారం చెడితే పేరు ఒకటే అయినా పనికిరాదు.

పక్క గదిలో సూక్ష్మదర్శిని కింద ఒక పళ్లెం పెట్టి చూడమన్నారు. కోడిగుడ్డులో వారం పెరిగిన పిండం వెన్ను పక్క నుంచి తీసిన నాడీ కణాలు. నరం కొస వెడల్పుగా పరుచుకుని, అంచున సన్నటి పోగులు చాస్తూ, ముడుస్తూ ఉంది. సెమాఫోరిన్-3ఏ చుక్క వేశారు. టీ తాగి వచ్చి చూసేసరికి ఆ వెడల్పంతా పోయి కొస ముడుచుకుని పుల్లలా మిగిలింది. ఇంకో పళ్లెంలో సెమాఫోరిన్‌తో పాటు మన సీసాలోని న్యూరోపిలిన్ కూడా వేశారు. అక్కడ చాలా కొసలు విచ్చుకునే ఉన్నాయి. కణం లేని న్యూరోపిలిన్ ద్రవంలోనే సెమాఫోరిన్‌ను పట్టేసింది, అసలు కణం దాకా పోనివ్వలేదు. మేస్త్రీ జట్టును పట్టుకున్నాడు గానీ అప్పజెప్పడానికి కాంట్రాక్టరు లేడు.

నేను ఇంత దూరం రావడానికి కారణం ఆ రెండో పళ్లెమే. చక్కెర జబ్బు కంటి వెనక రెటీనా సన్న నాళాలను పాడుచేస్తుంది. ఊపిరాడని రెటీనా వీఈజీఎఫ్‌ను వదులుతుంది, కొత్త నాళాలు పుడతాయి, అవి నాసిరకంవి, కారతాయి, చిట్లుతాయి. ఇది చాలాకాలంగా తెలుసు. 2013లో మాంట్రియల్ పరిశోధకులు ఎలుకల్లో ఇంకో సంగతి చూపించారు. జబ్బు మొదట్లోనే రెటీనాలోని నాడీ కణాలు సెమాఫోరిన్-3ఏ వదులుతాయి, అది న్యూరోపిలిన్-1 ద్వారా నాళాలను కారేట్టు చేస్తుంది. విడి న్యూరోపిలిన్‌ను కంట్లోకి ఎక్కిస్తే ఆ కారడం తగ్గింది. ఎలుకల మాట ఇది, మనుషుల మాట కాదు. అయినా నరమే ముందు చెడి నాళాన్ని చెడగొడుతోందన్న ఆలోచన నాకు కొత్త.

మా ఉమ్మడి పాలమూరు జిల్లా కళ్ల గురించి లెక్కలు లేకపోలేదు. 1996 నుంచి 2000 దాకా ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చేసిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనంలో హైదరాబాదుతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ పల్లెలను ఎంచుకున్నారు. 10,293 మందిని పరీక్షించారు. అప్పట్లో పల్లెల్లో చూపు పోవడమంటే ముఖ్యంగా శుక్లాలే. ఇప్పుడు దేశంలో చక్కెర జబ్బు వాళ్లు 10 కోట్లు దాటారని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. నలభై దాటిన మధుమేహుల్లో దాదాపు ఎనిమిది మందికొకరికి రెటీనా దెబ్బతిని ఉందని 2022లో ఇంకో జాతీయ అధ్యయనం తేల్చింది. శుక్లం ముసిరితే చూపు మసకబారి మనిషే డాక్టరు దగ్గరికి పోతాడు. రెటీనా మొదట ఏమీ చెప్పదు. చుక్కల మందు వేసి, పాప పెద్దది చేసి ఎవరో లోపలికి చూడాలి. నా లెక్కలో కోస్గికి ఇవాళ కొత్త ప్రోటీన్ కన్నా ఆ చూపే కరువు.

మా పెదనాయన సంగతి అలాగే బయటపడింది. మగ్గం మీద పోగు తెగితే కనిపించడం లేదంటే అద్దాలు మార్పిద్దామని తీసుకుపోయాం. లోపలికి చూస్తే చక్కెర జబ్బుతో రెటీనా దెబ్బతిని ఉంది, కంట్లో ఇంజెక్షన్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే మందు. అలాంటి మందుల్లో ఒకటైన బెవాసిజుమాబ్‌ను పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతించారు, కళ్ల డాక్టర్లు ప్రపంచమంతా కళ్లకూ వాడుతున్నారు. దాని బయోసిమిలర్‌ను 2016లో హెటెరో తెచ్చింది. ఆ కంపెనీ బయోలాజిక్స్ ఫ్యాక్టరీ ఉన్నది మా జడ్చర్లలోనే. కూలి పనుల కోసం ముంబై బస్సులెక్కిన జిల్లాలో ఇలాంటి మందులు తయారవుతున్నాయని మా దిక్కు ఎంతమందికి తెలుసో!

మరి ఈ సీసాలోది మందు ఎప్పుడవుతుందని చివరికి అడిగాను. ఆమె వెంటనే జవాబివ్వలేదు. ఇలా విడి గ్రాహకం మందైన ఉదాహరణ ఒకటుందని చెప్పింది: అఫ్లిబర్సెప్ట్. వీఈజీఎఫ్ గ్రాహకాలు రెండింటి నుంచి చెరో ముక్క తీసి, యాంటీబాడీ తోకకు అతికించిన ప్రోటీన్. 2002లో దాని గురించి ప్రకటించారు, కంటి మందుగా అమెరికాలో అనుమతి వచ్చింది 2011లో. డబ్బూ మనుషులూ దండిగా ఉన్న కంపెనీకే తొమ్మిదేళ్లు పట్టింది. న్యూరోపిలిన్ అంతకన్నా చిక్కు సరుకు, ఎందుకంటే రెండు కొలువుల మేస్త్రీని ఒక కొలువులోనే ఆపడం ఎట్లాగో ఇంకా ఎవరికీ పూర్తిగా చేతకాలేదు. తన ల్యాబు పని మందు చేయడం కాదని, ఆ ప్రశ్న అడిగేవాళ్లకు నాణ్యమైన సరుకు చవకగా ఇవ్వడమని అంది.

సీసాలను థర్మోకోల్ పెట్టెలో సర్దుతూ అడిగింది.

“పెదనాయనకు సుయ్యి ఎప్పుడేయించిండ్రు?”

“రెండు నెలలాయె. కందులు కోసే కాలం, ఇప్పుడు రానంటున్నడు.”

“మొదట్ల నెల నెలా ఏయించాలన్నా! కందులు కూలోళ్లతోని కోపియ్యుండ్రి. సోమవారమే తోల్కపోండ్రి.”