మూడో బెంచీ చివరివాడు

"నీ ఉద్యోగం ఏమిట్రా?" అని మా మేనల్లుణ్ణి అడిగితే, "పరీక్షలు పెట్టడం మామయ్యా" అన్నాడు. ఇరవయ్యేళ్లుగా నేను చేస్తున్నదీ అదే గదా అనుకున్నాను. అయితే వాడు పరీక్షలు పెట్టేది వెబ్ పేజీలకు. పెట్టించేది సెలీనియం అనే సాధనంచేత. 2004లో షికాగోలో జేసన్ హగిన్స్ దానికి శ్రీకారం చుట్టాడట. అది తనంతట తానే బ్రౌజరు తెరిచి, గళ్లు నింపి, బటన్లు నొక్కి చూస్తుంది.

దసరాకు మా యింటికి వచ్చి కూడా వాడు అర్ధరాత్రి దాకా లాప్‌టాప్ ముందు తల పట్టుకు కూర్చున్నాడు. నిన్న నెగ్గిన పరీక్ష ఇవాళ తప్పింది. సంగతేమిటంటే, 'ఫారంలో రెండో బటన్ నొక్కు' అని రాసిపెట్టాడు. అది 'సేవ్'. ఎవరో మహానుభావుడు దానికి ముందు 'క్యాన్సిల్' ఒకటి చేర్చాడు. ఇంకేముంది, సెలీనియం బుద్ధిగా రెండోదే నొక్కింది!

"చోటును బట్టి వెతికితే ఇంతే మామయ్యా. ప్రతి బటనుకూ ఐడీ ఇవ్వచ్చు. ఒక పేజీలో ఒక ఐడీ ఒక్కదానికే ఉండాలి. అది ఎక్కడికి జరిగినా ఆ పేరుతో దొరుకుతుంది."

"ఐడీ లేకపోతే?"

"ఎక్స్‌పాత్ ఉంది. 'సేవ్ అని రాసివున్న బటన్' అని ఆనవాలు చెప్పచ్చు. అంతేగాని, మూడో పెట్టెలో రెండో పెట్టె అని దారి చెబితే, మధ్యలో ఇంకో పెట్టె చేరగానే దారి తప్పుతుంది. దొరికినా తొందరపడకూడదు. నొక్కడానికి వీలయ్యేదాకా గడువు పెట్టి కనిపెట్టుకుని ఉండమనాలి."

వాడు నిద్రపోయాడు. నాకు మాత్రం నిద్ర రాలేదు.

నా క్లాసులో అరవైమంది. హాజరు వేసేటప్పుడు పేర్లు పిలిచే ఓపిక లేక, బెంచీలు చూసి వేసేవాణ్ణి. మూడో బెంచీ చివర ఖాళీ ఉంటే ఆ అబ్బాయి రానట్టే. కిందటేడు వాడికి హాజరు చాలక పరీక్ష ఫీజు కట్టించుకోలేదు. "రోజూ వచ్చానండీ. బోర్డు కనపడక ముందు బెంచీకి మారాను" అన్నాడు. సరిదిద్దించేసరికి గడువు దాటింది. కట్టిన అపరాధ రుసుం వాళ్ల నాన్నకు రెండు రోజుల కూలి. పైగా, చెప్పకుండా చోటు మారడమేమిటని వాణ్ణే కేకలేశాను.

సెలవులయ్యాక రిజిస్టరు తెరిచి పేరుపేరునా పిలిచాను. ఆ అబ్బాయి పేరు రాగానే తలెత్తి ముందు బెంచీ చూశాను. లేడు.

"ఉన్నానండీ" అన్న మాట చిట్టచివరి బెంచీ నుంచి వినిపించింది. కళ్లజోడు కొనుక్కున్నాడు.